స్పిట్‌ఫైర్ దిగి జెట్ ఎక్కాక

స్టీల్ ప్లాంట్లో సీ షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) దిగి ఉక్కునగరం క్వార్టర్‌కి వచ్చేసరికి పొద్దున్న ఏడవుతుంది. టీ తాగి, నిద్ర ముంచుకొచ్చేలోపు వీడియో గేమ్ వార్ థండర్‌లో రెండు మ్యాచ్‌లు ఆడతాను. రెండేళ్లు ప్రొపెల్లర్ విమానం స్పిట్‌ఫైరే నడిపాను. గిర్రున తిరిగి ఎదుటివాడి తోక పట్టడం అందులో బాగా వంటబట్టింది.

ఈ ఆటలో ప్రతి విమానానికీ బ్యాటిల్ రేటింగ్ అని ఒక అంకె ఉంటుంది. మనకంటే ఒక పాయింటు దాకా పైనున్న విమానాలు కూడా మన మ్యాచ్‌లోకి రావచ్చు. దాన్నే అప్‌టియర్ అంటారు. ర్యాంకులు ఎక్కేకొద్దీ ప్రొపెల్లర్లు పోయి జెట్లొస్తాయి. నేను తీసుకున్న మొదటి జెట్ వాంపైర్. 1948లో మన వాయుసేనకి వచ్చిన తొలి జెట్ కూడా అదే. అంతకుముందు స్పిట్‌ఫైర్లు, టెంపెస్ట్‌లు నడిపిన మనవాళ్లు నిజంగా ఎక్కిన మెట్టది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మొదటి వారమంతా కూలిపోతూనే ఉన్నాను. పాత అలవాటుతో మెలి తిరిగేవాణ్ణి, వేగం పడిపోయేది, ఇక తిరిగొచ్చేది కాదు. ఎందుకో తెలియాలంటే, విశాఖ బీచ్ రోడ్డులో 2017 డిసెంబర్ నుంచి మ్యూజియంగా ఉన్న టీయూ-142 విమానాన్ని దగ్గరగా చూడండి. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. ఆ ప్రొపెల్లర్ల అంతంత రెక్కలు బోలెడు గాలిని వెనక్కి తోస్తాయి కాబట్టి, ప్రొపెల్లర్ విమానం నెమ్మదిగా ఉన్నప్పుడే గట్టిగా లాగుతుంది. తొలితరం జెట్‌కి ఆ లాగుడు లేదు, ఇంజన్ పుంజుకోవడమూ ఆలస్యమే. మా బ్లాస్ట్ ఫర్నేస్‌లోనూ అంతే. పైన కోక్ పాళ్లు మారిస్తే కింద కరిగిన ఇనుము, అంటే హాట్ మెటల్‌లో తేడా తెలిసేది గంటల తర్వాత. అందుకే ముందే ఆలోచించి మారుస్తాం.

ఒకరోజు మా మేనల్లుడు పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఎఫ్-84 జెట్ ఒకటి నా ముందునుంచి దూసుకుపోయింది. వెంటనే తిప్పబోయాను.

"తిప్పకు మావయ్యా, పోనీ దాన్ని!"

వదిలేశాను. ముక్కు కాస్త దించి, వేగం గంటకి 700 కిలోమీటర్లు దాటాక మెల్లగా పైకి లేపాను. ఈలోగా అది మా జట్టువాడొకడి వెనకపడి తిరగడం మొదలెట్టింది. తిరిగేకొద్దీ దాని వేగం చచ్చిపోతోంది. పైనుంచి దిగి, నాలుగు ఫిరంగులూ ఒక్క సెకను నొక్కి, వెనక్కి చూడకుండా మళ్లీ పైకి వెళ్లిపోయాను.

"రెక్క ఊడిపోయింది మావయ్యా!" అని వాడు కుర్చీలోంచి లేచాడు.

నా కళ్లు మాత్రం వేగం అంకె మీదే ఉన్నాయి. 640.