పిల్లవాడు మొండివాడు కాదు

మన ఇళ్ళలో పిల్లలకు పెట్టే పేర్లు రెండు రకాలు. నామకరణం నాడు పళ్ళెంలో బియ్యం పోసి రాసే పేరు ఒకటి. మూడో ఏడో, నాలుగో ఏడో వచ్చేసరికి ఇరుగుపొరుగులంతా కలిసి పెట్టే పేరు ఇంకొకటి. మొండి, పెంకి, పిరికి, కుదురులేని పిల్ల - ఈ రెండో రకం పేర్లు మొదటిదానికంటే గట్టిగా అంటుకుంటాయి. బడిలో చేరాక అక్కడ కూడా అదే పిలుపు.

మెదక్ పట్టణంలో చాలా ఏళ్ళు ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని నేను. గంట మోగగానే చెవులు మూసుకునే పిల్లవాణ్ణి చూశాను. పెరుగన్నం వేలికి తగిలితే కెవ్వుమనే పిల్లను చూశాను. రెండు నిమిషాలు కూర్చోలేక గోడకు వీపు రాసుకుంటూ తిరిగేవాణ్ణీ చూశాను. దెబ్బలవల్ల వీళ్ళలో ఒక్కరైనా మారడం మాత్రం చూడలేదు. కారణం తెలుసుకుని నడుచుకున్న ఇళ్ళలో చాలామంది కుదుటపడ్డారు. ఆ కారణాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

కన్ను, ముక్కు, చెవి, నాలుక, చర్మం - పంచేంద్రియాలని మనమంతా చదువుకున్నాం. వీటికి తోడు ఇంకో రెండు వున్నాయి. ఒకటి లోపలి చెవిలో వుంటుంది. ఒళ్ళు ఎటు ఒరిగిందో, ఎంత తిరిగిందో చెప్పి మనల్ని పడిపోకుండా నిలబెట్టేది అదే. రెండోది కండరాలలోనూ కీళ్ళలోనూ వుంటుంది. దీపం ఆరిపోయినా అన్నం ముద్ద సరిగ్గా నోటికే చేరుతోందంటే అది దీని చలవే.

ఈ ఏడు దారులనుంచీ వచ్చే కబుర్లను మెదడు సర్దుకోవాలి. అమెరికాలో జీన్ ఏర్స్ అనే ఆవిడ 1972లో ఈ విషయంమీద ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె చెప్పినదాన్ని మన ఇంటి మాటల్లో చెప్పుకుందాం. రేడియోకు శబ్దం పెంచే మీట వుంటుంది కదా! కొందరు పిల్లల్లో ఆ మీట బాగా పైకి తిప్పి వుంటుంది. మనకు మామూలుగా వినిపించే కుక్కరు కూత వాళ్ళకు పిడుగు. ఇంకొందరిలో బాగా కిందికి తిప్పి వుంటుంది. కబురు చాలక వాళ్ళు గిరగిరా తిరుగుతారు, దూకుతారు, మీదపడి నొక్కుతారు. మొదటివాడు పిరికీ కాదు, రెండోవాడు అల్లరీ కాదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంద్రియాల ఇబ్బంది అనేది దానంతటదే ఒక జబ్బు పేరుగా వాడవద్దనీ, ఈ చికిత్సలపై పరిశోధన ఇంకా కొద్దిగానే వుందనీ అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో హెచ్చరించింది. అన్నీ నయమవుతాయని చెప్పి వేలకు వేలు గుంజేవారి మాట నమ్మకండి. అలాగని తేలికగానూ తీసుకోకండి. ఇలాంటి లక్షణాలు ఆటిజంలో కూడా వుంటాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, మాటలు ఆలస్యమైనా, వచ్చిన మాటలు పోయినా ముందు చెవి పరీక్ష చేయించి, పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఇదంతా కొత్త విద్యేమీ కాదు. మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలో పేదపిల్లల కోసం బడి తెరిచి, గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడిమించింది. ఆవిడే 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. మన వీధిబడి పంతుళ్ళు ఇసుకలో దిద్దించినదీ ఆ తడిమే చదువే. తొట్టెలో ఊపడం, నూనె రాసి ఒళ్ళు రుద్దడం, చెమ్మచెక్క, తొక్కుడుబిళ్ళ - మన అవ్వలు పేర్లు చెప్పకుండానే ఆ ఏడింటికీ పని చెప్పారు.

మా పక్కింటి అమ్మాయి ఒకనాడు కళ్ళనీళ్ళతో వచ్చింది.

"పెద్దమ్మా, మావోడు బడికి పోనంటుండు. గంట కొట్టంగనే బయటికి ఉరుకుతడట. వాణ్ణి వేరే బడిల ఏసుకోమన్నరు. వాళ్ళ నాయనేమో రెండు తగిలిస్తే దారికొస్తడంటడు."

"కొడితే చెవి మారుతదా బిడ్డా?" అన్నాను.

ముందు చెవి పరీక్ష చేయించాం. వినికిడి బాగానే వుంది. తరువాత వేరొక బడిలో వాళ్ళ పంతులమ్మతో మాట్లాడి మూడు ఏర్పాట్లు చేసుకున్నాం. గంటకు దూరంగా వున్న బెంచీలో చోటు. గంట కొట్టేముందు "ఇప్పుడు మోగుతుంది" అని ఒక్క మాట. పాఠానికీ పాఠానికీ మధ్య నోటుబుక్కుల కట్ట ఒక గదినుంచి ఇంకో గదికి మోసే ఉద్యోగం. మూడు వారాలకు వాడు చెవులు మూసుకోవడం పూర్తిగా మానలేదు గాని, పారిపోవడం మానేశాడు. ఆ తల్లికి అంతకంటే ఏం కావాలి?

ఆ మోతపనిలో కిటుకు వుంది. బరువు మోసినా, తోసినా, లాగినా, పిసికినా కండరాలకు గట్టి కబురు అంది చాలామంది పిల్లలు నెమ్మదిస్తారు. ఇంట్లో దీనికి సామాను కొనక్కర్లేదు. చపాతీపిండి పిసకనివ్వండి. కూరగాయల సంచి ఒక పక్క పట్టుకోనివ్వండి. తడిబట్టలు పిండనివ్వండి. ఆదివారం మన మెదక్ కోట ఎక్కించండి. ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం దాటి పైకి చేరేసరికి ఒంటికి కావలసినంత పని దొరుకుతుంది.

తిండి దగ్గర బలవంతం వద్దు. తినే పదార్థం పక్కనే కొత్తది కాస్త పెట్టండి. ముట్టుకున్నా చాలు, వాసన చూసినా చాలు. పండుగ బట్టలు ఒకసారి ఉతికి, మెడ వెనక చీటీ కత్తిరించి తొడగండి. ఊయల వాడు అడిగినంతే ఊపండి. ముఖం పాలిపోతే వెంటనే ఆపండి. రోజంతా చెవుల్లో దూది పెట్టి వుంచకండి, మోత వున్న కాసేపటికి చాలు.

ఇక జాతరలు. శివరాత్రికి ఏడుపాయల వనదుర్గమ్మ జాతర, డిసెంబరు 25న మన పెద్ద చర్చి దగ్గర జనం - ఇలాంటి పిల్లలకు రెండూ పరీక్షలే. మాన్పించక్కర్లేదు. జనం పలచగా వున్న వేళ తీసుకువెళ్ళండి. ఏమేమి వినిపిస్తాయో ముందే చెప్పండి. "చాలు" అనడానికి ఒక సైగ నేర్పండి. ఆ సైగ చేసినప్పుడు మాట తప్పకుండా బయటికి తీసుకురండి. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు పేర్చడం వాళ్ళ వేళ్ళకు మంచి పని.

బడిలో కూడా ఖర్చులేని పనులు చాలా వున్నాయి. మధ్యాహ్న భోజనం వేళ స్టీలు కంచాల మోతకు దూరంగా ఒక మూల చోటివ్వవచ్చు. పాఠం మధ్యలో ఒకసారి అందరినీ లేపి చేతులు చాపించవచ్చు. కిటికీ పక్కన చాప పరిచి నెమ్మదిమూల ఒకటి పెట్టవచ్చు. అది శిక్షకు కాదు సుమా, విశ్రాంతికి. పిల్లలను కొట్టడాన్నీ మనసు నొప్పించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఆటిజం వున్నవారిని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. "ఈ పిల్లవాడు మాకొద్దు" అనేవారికి ఈ రెండు చట్టాలూ గుర్తుచేయవచ్చు.

సాయం కూడా మరీ దూరం లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పిల్లలను చూస్తాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రాలు వున్నాయి. 1984లో మొదలైన జాతీయ సంస్థ ఒకటి సికిందరాబాదు బోయినపల్లిలో మేధో వైకల్యం వున్న పిల్లల కోసం పనిచేస్తోంది.

చివరగా ఒక చిన్న పని. ఒక వారంపాటు కాగితంమీద రెండు వరుసలు రాయండి. పిల్లవాడు ఏ వేళ, ఏ శబ్దానికి, ఏ స్పర్శకు తల్లడిల్లాడో ఒక వైపు, దేనితో నెమ్మదించాడో రెండో వైపు. ఆ కాగితం డాక్టరుగారికీ పంతులమ్మకూ చూపించండి. "మావాడు మొండి" అనే మాటకంటే అది వాళ్ళకు ఎంతో పనికివస్తుంది.