పరదేశమున బిడ్డలకు బడి

ఉద్యోగరీత్యా తండ్రి ఊరు మాఱినప్పుడు బిడ్డ చదువు ఏమగునన్న ప్రశ్న మనకు క్రొత్త కాదు. రెవెన్యూ ఉద్యోగికి చిత్తూరునుండి శ్రీకాకుళమునకు బదిలీ యైనచో వాని కుమారుడు సంవత్సరము నడుమ బడి మాఱును; క్రొత్త తరగతిలో ఒక నెల బిక్కమొగము వేసికొని కూర్చుండును; పిమ్మట సర్దుకొనును. ఏలయనగా రెండు చోట్లను అదే తెలుగు, అవే పుస్తకములు, కడపట అదే పరీక్ష. కాని తండ్రి పోయిన చోటు వేఱొక దేశమై, అచట భాష వేఱు, చరిత్ర వేఱు, పరీక్ష వేఱు అయినచో ఆ బిడ్డ గతి యేమి? నాలుగేండ్లకు స్వదేశమునకు మరలి వచ్చినచో వానిని ఏ తరగతిలో కూర్చుండబెట్టవలెను? ఈ చిక్కునుండియే పుట్టిన యొక పాఠశాలను గుఱించి నేడు మీకు మనవి చేసెదను. అది స్విట్జర్లాండు దేశమున జెనీవా నగరమున నున్నది.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, ఇట్టి ఘోరము మరల జరుగకుండుటకై రాజ్యములు కూడి నానాజాతి సమితిని స్థాపించిరి. 1920లో ఆ సమితియు, దానితోపాటు అంతర్జాతీయ కార్మిక కార్యాలయమును జెనీవాలో నెలకొనెను. పలుదేశముల ఉద్యోగులు కుటుంబములతో అచటికి వచ్చి చేరిరి. ఆ నగరమున మంచి బడులు లేకపోలేదు. కాని అవి ఫ్రెంచి భాషలో నడచునవి. స్విస్ పౌరులకు కావలసిన విద్యను నేర్పునవి. వచ్చినవారి బిడ్డలు నేడో రేపో తిరిగి తమ దేశములకు పోవలసినవారు.

ఈ కష్టమును గుర్తించి ముందునకు వచ్చినవారిలో ముగ్గురిని చెప్పవలెను. సమితి సమాచారశాఖలో పనిచేయుచుండిన ఆర్థర్ స్వీట్సర్ అమెరికా వాడు. అమెరికా సమితిలో చేరనే లేదు. ఆ దేశస్థుడు మాత్రము సమితి కొలువున నుండెను! రెండవవాడు లుద్విక్ రైఖ్‌మన్, పోలెండు వైద్యుడు, సమితి ఆరోగ్యశాఖకు అధిపతి. తరువాత 1946లో బాలల సహాయనిధియైన యునిసెఫ్ స్థాపనకు ముఖ్యకారకు డాయనయే. మూడవవాడు అడాల్ఫ్ ఫెరియేర్, స్విట్జర్లాండు విద్యావేత్త. ఈయనకు యౌవనముననే చెవుడు వచ్చెను. పిల్లల మాట చెవిని పడని వాడు పిల్లలు తమంతట తాము చేసి నేర్చుకొనవలెనని జీవితమంతయు వాదించుట నాకు మిక్కిలి వింతగా తోచును.

1924లో ఫెరియేర్ కుటుంబమువారి తోటయింటిలో ఎనమండుగురు పిల్లలతో బడి ప్రారంభమయ్యెను. మన వీథిబడులలో అరుగుమీద కూర్చుండు పిల్లల సంఖ్యయే అంతకు మించియుండెడిది. బోధన ఫ్రెంచి, ఆంగ్ల భాషలు రెంటను సాగెను. తరువాత బడి నగరపు టంచున గ్రాండ్ బ్వాసియేర్ అను పెద్దతోటకు మాఱెను. అదే 1924లో జపాను దేశపు యొకొహామా రేవుపట్టణమునను ఇట్టి బడి యొకటి వెలసినది. దూరదూరములనున్నను ఇరువురికిని అవసర మొక్కటియే.

1929 నుండి 1949 వరకు జెనీవా బడికి అధ్యక్షురాలుగా నుండినది మరీ తెరేజ్ మోరెత్ అను ఫ్రెంచి విదుషి. ఆమె తండ్రి పాల్ దుపుయి పారిసులోని ఎకోల్ నార్మాల్ విద్యాలయమున చిరకాలము కొలువు చేసినవాడు. ఇరువదియేండ్లకే ద్వంద్వయుద్ధమున మరణించిన గాల్వా అను గణితజ్ఞుని చరిత్రను 1896లో వ్రాసినవాడు. అట్టివాడు వృద్ధాప్యమున జెనీవాకు వచ్చి పసిపిల్లలకు భూగోళశాస్త్రము చెప్పెను. పింఛను పుచ్చుకొనిన ఉపాధ్యాయుడు వాలుకుర్చీకే పరిమితుడు కానక్కఱలేదని చెప్పుటకు నా వంటివానికి ఇంతకన్న సాక్ష్య మేల?

ఆ భూగోళపాఠమును గుఱించి కొంత చెప్పవలెను. ఏ దేశపు గోడపటమును చూచినను ఆ దేశమే నడుమ నుండును. నిత్యము దానినే చూచు బాలుడు ప్రపంచమంతయు తన యింటిచుట్టు కట్టిన ప్రాకారమని తలచును. నానాదేశముల పిల్లలు కూర్చున్న తరగతిలో ఎవరి పటమును వ్రేలాడదీయవలెను? అందుచేత అచట పటముతో గాక గుండ్రని గోళముతో పాఠము మొదలుపెట్టిరి. గోళముపై నడుమ యనునది లేదు. త్రిప్పిన కొలది ప్రతి దేశమును ముందునకు వచ్చును. నేను ముప్పదియేండ్లు దీనికి విరుద్ధముగనే చెప్పితిని: మొదట మన గ్రామము, దాని చెఱువు, పిమ్మట మండలము, జిల్లా, రాష్ట్రము. ఊరిలో పుట్టి ఊరిలో పెరుగు బిడ్డకు ఇదియే సరియైన క్రమమని నేటికిని నా యభిప్రాయము. కాని చూపుటకు ఊరే లేని బిడ్డకు గోళమే గతి. శాంతికై విద్య నెట్లు నేర్పవచ్చునను విషయమున ఆమె 1948లో యునెస్కోకు తన యనుభవమును వ్రాసి యిచ్చెను.

ఈ బడికిని మన దేశమునకును ఒక సంబంధ మున్నది. 1926లో జవహర్లాల్ నెహ్రూగారు భార్య కమలాదేవికి చికిత్స చేయించుటకై జెనీవాకు పోయినప్పుడు, ఎనిమిదేండ్ల కుమార్తె ఇందిర అచట ఈ బడిలోనే చదివెను.

రెండవ యుద్ధములో సమితి కూలిపోయెను, ఉద్యోగులు చెదరిపోయిరి, బడి చిక్కిపోయెను. అయినను నిలిచెను. 1945లో ఐక్యరాజ్యసమితి పుట్టగా దాని యూరపు కార్యాలయము జెనీవాకు వచ్చెను. బడికి మరల జీవము వచ్చెను. 1947లో న్యూయార్కునను సమితి ఉద్యోగులు తమ బిడ్డలకై ఇట్టి బడినే పెట్టుకొనిరి.

ఇక అసలు ముడి పరీక్ష. క్రింది తరగతులలో అందఱును కలిసి చదివి ఆడుకొందురు. పై తరగతికి రాగానే ఫ్రెంచి బాలుడు బకలోరియాకు, ఆంగ్లబాలుడు తన దేశపు పరీక్షకు, అమెరికా బాలుడు కళాశాలా ప్రవేశపరీక్షకు, స్విస్ బాలుడు మతురితేకు వేఱువేఱుగా సిద్ధము కావలెను. కలిపి పెంచిన పిల్లలను కడపటి రెండేండ్లు మరల జాతివారీగా విడదీయవలసి వచ్చెను. చరిత్రపాఠమున నీ చిక్కు మఱింత కఠినము. ఒకే యుద్ధము ఒక పుస్తకమున విజయము, ఇంకొకదానిలో అన్యాయము. 1857ను తిరుగుబాటని వ్రాసిన పుస్తకములను, స్వాతంత్ర్యసమరమని వ్రాసిన పుస్తకములను రెంటిని చదివిన మనకు ఇది వివరింప నక్కఱలేదు.

ఆ బడి చరిత్రోపాధ్యాయులు, వారిలో ముఖ్యముగా రాబర్ట్ లీచ్ అను అమెరికా వాడు, అన్ని దేశములకు ఒప్పుదలయగు ఒకే పరీక్ష యేల యుండరాదని యోచించిరి. 1962లో జెనీవాలో ఉపాధ్యాయుల సభ జరిగెను. ఆ యత్నము ఫలించి 1968లో ఇంటర్నేషనల్ బకలోరియా అను సంస్థ ఏర్పడెను. దానికి మొదటి నిర్వాహకుడు ఆక్స్‌ఫర్డునకు చెందిన అలెక్ పీటర్సన్. ఆ పరీక్షకు ఆఱు విషయములు. వానితోపాటు, జ్ఞానము మన కెట్లు కలుగును, దానికి ప్రమాణ మేమి యని విచారించు పాఠమొకటి విధిగా నున్నది. తర్కసంగ్రహము చదివినవారు దీనిని చూచి చిరునవ్వు నవ్వుదురు.

ఆ పరీక్ష 1976లో మన దేశమునకు వచ్చినది. మొదట చేపట్టినది కొడైకెనాలు పాఠశాల. అది 1901లో అమెరికా మిషనరీల బిడ్డలకై పెట్టినది. తెలుగు జిల్లాలలో పనిచేసిన మిషనరీల పిల్లలును అచటికి పోయి చదివెడివారు.

ఎనమండుగురితో మొదలైన జెనీవా బడి నేడు మూడు ఆవరణములలో నాలుగువేలకు పైబడిన పిల్లలతో నడచుచున్నది. దీనిని పొగడుటయే నా పని కాదు. ఇట్టి బడులలో రుసుములు మిక్కిలి హెచ్చు. పెద్ద యుద్యోగుల బిడ్డకు సంస్థ చెల్లించును. అదే నగరమున వంటచేయు పరదేశికి ఎవరు చెల్లింతురు? అంతకన్న నన్ను బాధించునది భాష. ఫ్రెంచి, ఆంగ్లములు రెండును వచ్చుట గొప్పయే. కాని చీనా బాలునికిని, మన బాలునికిని ఆ రెండును పరభాషలే గదా! నా యొద్ద చదివి గల్ఫు దేశమునకు పోయిన యొక శిష్యుని కుమారుడు సెలవులకు వచ్చినప్పుడు తెలుగు చక్కగా మాటాడెను. తాతగారి చేతివ్రాత నిచ్చి చదువుమనగా తలవంచుకొనెను. ఆ తాతగారు కాగితమును మడిచి జేబులో పెట్టుకొనిరి.

ఆ పరీక్షను ఏర్పఱచినవారు ఈ లోపమును గుర్తింపకపోలేదు. ఆఱు విషయములలో మొదటిది సాహిత్యమునకు సంబంధించిన స్వభాష. అది ఆంగ్లమో ఫ్రెంచియో కానక్కఱలేదు. బడిలో ఆ భాషకు ఉపాధ్యాయుడు లేనిచో, విద్యార్థి తన భాషాగ్రంథములను తానే చదువుకొని పరీక్షకు కూర్చుండు మార్గమును కలదు. కావున మీ మనుమలో మనుమరాండ్రో ఇట్టి బడులలో చదువుచున్నచో, తెలుగునకు అవకాశ మున్నదా యని పై రెండు తరగతులలో చేరుటకు ఏడాది ముందుగనే బడివారిని విచారించుడని వారి తండ్రులకు చెప్పుడు. అంతలోపల ఆ బిడ్డకు అక్షరములు రావలెను. అది సెలవులలో మీ యింట జరుగవలసిన పని.