మధ్యకర్ణం – దాని ఇరుగుపొరుగు

చెవి కారడాన్ని వ్యాధిగా లెక్కించేవారు మన పల్లెలలో నేటికీ తక్కువే. జలుబు చేసినప్పుడు కారుతుంది, జలుబు తగ్గగానే ఆగుతుంది. నొప్పి ఉండదు. కనుక దూది పెట్టుకొని ఊరుకుంటారు. కొందరు కాచిన నూనె పోస్తారు. ఈ ఉపేక్ష వల్ల కలిగే ప్రమాదం అర్థం కావాలంటే మధ్యకర్ణ నిర్మాణం తెలియాలి.

మధ్యకర్ణం కణత ఎముకలో తొలిచినట్లుండే చిన్న గది. రెండు మిల్లీలీటర్ల నీరైనా పట్టనంత ఇరుకైనది. దీనికి వెలుపలి గోడ కర్ణభేరి. లోపల కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు ఎముకలు గొలుసుకట్టుగా అమరి, ధ్వని కంపనాలను అంతరకర్ణానికి అందజేస్తాయి. ఈ పేర్లు పెట్టినవారి చూపు మెచ్చదగినది. కూటకమంటే సుత్తి, దాగలి కమ్మరి ఇనుమును ఉంచి కొట్టే దిమ్మె, అంకవన్నె రౌతు పాదం మోపే రికాబు. మానవ శరీరంలోని ఎముకలన్నింటిలో ఈ అంకవన్నెయే అతి చిన్నది.

ఏ గదికైనా గాలి ఆడాలి. మధ్యకర్ణానికి గాలిని తెచ్చేది యూస్టేకియన్ నాళం. ఇది ముక్కు వెనుక, గొంతు పైభాగంలో తెరచుకుంటుంది. సాధారణంగా మూసుకొని ఉండి, మింగినప్పుడు, ఆవులించినప్పుడు క్షణకాలం విచ్చుకుంటుంది. పెద్దలలో ఇది పొడవుగా, ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లలలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. ముక్కు, గొంతులలోని సూక్ష్మజీవులు పిల్లల చెవికి సులభంగా చేరడానికి ఇదొక ముఖ్యకారణం. అంగిలి చీలికతో పుట్టిన శిశువులలో ఈ నాళాన్ని తెరిచే కండరం సరిగా పనిచేయదు. అందుచేతనే వారికి చెవి బాధలు మరీ ఎక్కువ.

నాళం పూడిపోతే లోపలి గాలి క్రమంగా ఇంకిపోతుంది. పీడనం తగ్గి, కర్ణభేరి లోపలికి లాగబడుతుంది. గదిలో ద్రవం ఊరుతుంది. అందులో సూక్ష్మజీవులు చేరితే చీము పట్టి, ఒక్కొక్కప్పుడు కర్ణభేరికి రంధ్రం పడుతుంది. చాలమందిలో అది తానే పూడిపోతుంది. పూడక, చెవి పదేపదే కారుతుంటే వ్యాధి దీర్ఘకాలికమైనట్లే.

రంధ్రం పరిమాణం కన్నా, అది ఉన్న చోటు ముఖ్యం. కర్ణభేరి అంచులను తాకకుండా, బిగువైన భాగం నడుమ ఉంటే స్రావం ఎక్కువైనా, వినికిడి తగ్గినా, ప్రాణాపాయం అరుదు. కర్ణభేరి పైభాగం మాత్రం బిగువైన నార పొర లేక వదులుగా ఉంటుంది. లోపలి పీడనం తగ్గితే అది సంచివలె లోనికి కుంగుతుంది. చెవి చర్మానికి ఒక విచిత్రగుణం ఉన్నది. దాని మృతకణాలు మెల్లగా బయటికి జరిగి, చెవి తన్ను తానే శుభ్రపరచుకొంటుంది. ఈ సంచిలో పడిన కణాలకు బయటికి దారి లేదు. అవి పేరుకొని పెరిగే ముద్దను కొలెస్టియటోమా అంటారు. అది క్యాన్సర్ కాదు. కాని చుట్టూ ఉన్న ఎముకను తినివేస్తుంది. దాగలి సాధారణంగా ముందుగా అరుగుతుంది. స్రావం కొద్దిగానే ఉన్నా దుర్వాసన వేస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు.

ఇక్కడే ఇరుగుపొరుగు సంగతి వస్తుంది. ఈ గది పైకప్పు పలుచని ఎముక రేకు, దానిపై మెదడు. లోపలి గోడలో ముఖ కండరాలను కదిపే నాడి. దాని చెంతనే శరీర సమతౌల్యాన్ని కాపాడే అంతరకర్ణం. వెనుక, గాలి గదులతో నిండిన మాస్టాయిడ్ ఎముక. దాన్ని ఆనుకొని మెదడు రక్తాన్ని తీసుకుపోయే పెద్ద సిర. ఏ గోడ కరిగితే ఆ పొరుగుకు ఆపద. మూతి వంకరపోవచ్చు, తల తిరగవచ్చు, మెదడు పొరలు వాయవచ్చు.

ఆంగ్ల రచయిత ఆస్కార్ వైల్డ్‌కు 1900 అక్టోబరులో పారిస్‌లో చెవికి శస్త్రచికిత్స జరిగింది. నవంబరు 30న ఆయన మరణించాడు. చెవి వ్యాధి మెదడు పొరలకు సోకడమే కారణమని పలువురు వైద్యుల అభిప్రాయం. ఆయన తండ్రి విలియం వైల్డ్ ఆ కాలపు ప్రసిద్ధ కర్ణవైద్యుడు కావడం విధివైపరీత్యం.

నేడు మొదటి రకానికి చెవిని పొడిగా ఉంచి, మందులతో స్రావాన్ని ఆపి, చెవి పైనున్న కండరపు పొర ముక్కతో రంధ్రాన్ని మూస్తారు. రెండవ రకంలో మాస్టాయిడ్ ఎముకను తొలిచి ముద్దను సమూలంగా తొలగించడమే ముందు పని. అరిగిన ఎముకల గొలుసును తిరిగి అమర్చి వినికిడిని పెంచే ప్రయత్నం ఆ తరువాతిది; అది కొన్నిసార్లు మరొక శస్త్రచికిత్స దాకా ఆగవలసి వస్తుంది.