స్వతంత్ర పర్యవేక్షణ

అణ్వస్త్రమునకు జన్మస్థానమైన అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలయందు, 1956 నుండి 1972 వరకు విద్యుత్కేంద్రపు గొట్టములు తుప్పు పట్టకుండుటకై నీటిలో కలిపిన క్రోమియపు లవణము, వాడిన నీటితో లోయలోనికి విడువబడి, రాతిపొరలగుండా మెల్లగా దిగి, త్రాగునీటికాధారమైన భూగర్భజలమును చేరినది. దానిని తొలగించు బాధ్యత కేంద్ర ఇంధనశాఖదే. కాని, మలినపరచినవారే నీరు శుభ్రమైనదని ప్రకటించుకొన్నచో దిగువనున్న శాన్ ఇల్డిఫాన్సో ఆదివాసులు ఎట్లు విశ్వసింతురు? అందుచేతనే న్యూ మెక్సికో రాష్ట్ర పర్యావరణశాఖ, ఒకే బావి నీటిని ఇంధనశాఖతో వేరు సీసాలలో పంచుకొని, తానుగా పరీక్షింపజేసి ఫలితములను సరిచూచును. ఇదియే స్వతంత్ర పర్యవేక్షణ. చూచుటతోనే అది ముగియదు, ముగియరాదు కూడ: పైకి తోడి శుద్ధిచేసిన నీటిని మరల భూమిలోనికి ఎక్కించుటవలన మాలిన్యము ఇంకను లోతునకు నెట్టబడుచున్నదని శంకించి, ఇంధనశాఖ సమ్మతింపకున్నను, 2023లో రాష్ట్రము ఆ పనిని నిలిపివేయించినది.