పోర్తో నగరమున నొక వానదినము

ప్రయాణమున వాన పట్టుకొన్న దినము వ్యర్థమైన దినమని నేను తలచుచుండెడిదానను. పోర్చుగలు దేశమందలి పోర్తో నగరమున గడపిన యొక దినము నా తలంపును మార్చినది. ఆ ముచ్చట సోదరీమణులతో చెప్పుకొనవలెనని యిది వ్రాయుచున్నాను.

ఆనాడు మా ఆడబిడ్డయు నేనును పడవపై దోరు నదిలో ఎగువకు బోయి, కొండచరియలపై మెట్లు మెట్లుగా పెంచిన ద్రాక్షతోటలను చూడ నెంచితిమి. తెల్లవారకమునుపే వాన మొదలైనది. గాలియు మంచును దానికి తోడైనవి; పడవలు కదలలేదు. సావ్ బెంతో రైలు స్టేషనులో తల దాచుకొని, గోడలపై నీలివన్నె పింగాణీ పలకలతో తీర్చిన చిత్రములను చూచితిమి. పలకలు సుమారు 20,000 కలవట. కాని చూచినదానినే యెంతసేపు చూతుము? తడిసిన కుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకొనుచుండెను.

అంతట వదినగారు, "అమ్మాయీ, వంతెన దాటినచో వైను గిడ్డంగులున్నవట. లోపల తిప్పి చూపి, రుచి కూడ చూపుదురట. ఇచ్చట వణకుటకన్న అది మేలు కదా!" అనిరి. నా గుండె ఝల్లుమన్నది.

మాది నెల్లూరు సీమలోని పల్లె. నా చిన్ననాట మా తండ్రి సారా త్రాగెడివారు. ప్రొద్దు గ్రుంకిన పిదప వాకిట ఆ వాసన తగిలినంతనే అమ్మ మమ్ము పెరటిలోనికి పంపివేసెడిది. 1992లో దూబగుంట స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరని విని మా యూరి స్త్రీలును కదలిరి. వారిలో మా అమ్మయు నుండెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. మా తండ్రి సంగతి అత్తవారింట నేనెన్నడును చెప్పినదానను కాను. ఇప్పుడు మాత్రమేమని చెప్పుదును? "పదండి" అంటిని.

1886లో నిర్మించిన ఇనుపవంతెన దాటి ఆవలిదరి చేరితిమి. గిడ్డంగిలో చల్లని చీకటి, తడిసిన కొయ్యవాసన. త్రోవ చూపుచున్న యువతి ఒక కొయ్యపాత్రను తట్టి "పీపా" అన్నది. మేమిరువురము ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి. మన పీపాయే! అలమార, బాల్చీల వలె నిదియు పోర్చుగీసువారి వలన మనకు వచ్చిన మాటయే. మనకు నీళ్లకును నూనెకును ఉపయోగించు పీపా వారి వర్తకమున 550 లీటర్ల కొలత. పుట్టినింటి మాట వినబడుటచే నా జంకు కొంత తీరినది.

పోర్టు వైను చేయు విధమును ఆ యువతి వివరించినది. ద్రాక్షపండ్లను రాతితొట్లలో పోసి కాళ్లతో తొక్కుదురు. నేడు యంత్రములు వచ్చినను కొన్ని తోటలలో ఈ పద్ధతి నిలిచియున్నది. రసము పులియుచు, తీపి యింకను మిగిలియుండగనే, రెండు మూడు దినములకు ద్రాక్షనుండి బట్టీపట్టిన ఘాటైన మద్యమును అందు కలుపుదురు. దానితో పులియుట ఆగిపోవును, తీపి నిలుచును. పిండి యెంత పులియవలెనో యెరిగిన మనకిది వింత కాదు. పెద్ద తొట్లలో నుంచినది ఎరుపువన్నెతోనే యుండును. చిన్న పీపాలలో ఏండ్ల తరబడి నిలువ యుంచినది గోధుమవన్నెకు తిరుగును.

గోడపై నొక వృద్ధస్త్రీ చిత్రమున్నది. ఆమె డోనా ఆంతోనియా ఫెరేరా. 1811లో పుట్టి, 1844లో, 33వ యేట, భర్తను గోల్పోయి, ఇద్దరు బిడ్డలతో తోటలను వర్తకమును తానే చేపట్టినది. సల్దాన్యా అను మహాబలుడగు ప్రభువు చిన్నపిల్లయైన ఆమె కూతును తన కుమారునికిమ్మని నిర్బంధింపగా, బిడ్డను వెంటబెట్టుకొని లండనుకు పారిపోయినదే గాని సమ్మతింపలేదు. 1861లో దోరు నదిలో పడవ మునిగి ఫారెస్టరను ఆంగ్లవర్తకుడు మరణింపగా, ఆ పడవలోనే యున్న యీమెను గాలి నిండిన వెడల్పు లంగాయే తేల్చినదని జనులు చెప్పుకొందురు. వేళ్లను పీల్చు ఫిలాక్సెరా పురుగు తోటలను పాడుచేసిన కాలముననే, 1877లో, బీడునేల కొని క్రొత్త తోట వేయించినది. ధర పడిపోయినప్పుడు రైతుల సరకు తాను కొని వారిని నిలిపినది. 1896లో ఆమె చనిపోయినది. జనులు ఆమెను ముద్దుగా ఫెరేరిన్యా, అనగా చిన్ని ఫెరేరా, అని పిలిచెడివారు.

పిమ్మట చిన్న గాజుపాత్రలు తెచ్చిరి. తెల్లకాగితముపై వంచి వన్నె చూడవలెను, వాసన చూడవలెను, కడపట గ్రుక్కెడు నోట నుంచి, మ్రింగ నొల్లనివారు ఉమియవలెను. అందులకు వేరుగా పాత్ర కలదు. ఈ వృత్తిలోనివారు దినమున పెక్కు రకములు పరీక్షించుచు మ్రింగకయే యుమియుదురట. నేను కన్నులు మూసికొని పాత్రను ముక్కుకడకు తెచ్చితిని. మా వాకిటి వాసనకై వేచియుంటిని, అది రాలేదు. ఎండుద్రాక్ష, వేచిన బాదము, నారింజతొక్క జ్ఞప్తికి వచ్చినవి. పెదవికి తాకింపకయే క్రింద పెట్టితిని. వదినగారు ఒక చుక్క చప్పరించి, "ముదురుపాకమువలె నున్నది" అని తక్కినది విడిచిరి.

తిరిగి వంతెన యెక్కునప్పటికి వాన సన్నగిల్లినది. ఒకే గొడుగు క్రింద నడచుచు వదినగారితో అంతయు చెప్పితిని: వాకిటి వాసన, పెరడు, అమ్మ. ఆమె నడివంతెనపై నిలిచిపోయిరి. "ఇన్నేండ్లును ఏల దాచితివి, అమ్మాయీ? మీ అమ్మగారు మాయింటికి వచ్చినప్పుడెల్ల పీటవేసి భోజనము పెట్టితిని గాని, అంతటి మనిషియని యెరుగనైతిని" అనిరి.

మత్తును మెచ్చుటకు నేనిది వ్రాయలేదు. ఇంటికి ఆ వస్తువు తెచ్చుకొనలేదు. ఆ యుదయమున పడవ కదలియుండినచో తోటలు చూచియుందుము. నా మాట మాత్రము నా కడుపులోనే యుండిపోయెడిది.