వర్చువల్ మెషీన్: ఆపితే ఆగేవి, ఆగనివి

క్లౌడ్‌లో వర్చువల్ మెషీన్ అంటే ఒకే వస్తువు కాదు. ప్రాసెసర్, మెమరీ కలిసి ఒక భాగం. డిస్క్, పబ్లిక్ ఐపీ అడ్రస్, లోపలికి ఎవరిని రానివ్వాలో చెప్పే ఫైర్‌వాల్ నియమాలు దేనికదే విడి భాగం. 2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 బీటాగా మొదలైనప్పుడు మెషీన్ పోతే దాని డిస్క్‌లోని డేటా కూడా పోయేది. విడిగా నిలిచి ఉండే ఈబీఎస్ డిస్క్ 2008లో గానీ రాలేదు. ఈ అమరికను బల్ల మీది కంప్యూటర్‌లా ఊహించుకోవడంతోనే కొత్తవాళ్ల అపోహలు చాలావరకు మొదలవుతాయి.

అపోహ: మెషీన్ ఆపేస్తే బిల్లు ఆగిపోతుంది.

ఆగేది ప్రాసెసర్, మెమరీల అద్దె మాత్రమే. డిస్క్‌లో డేటా భద్రంగా ఉంటుంది కాబట్టి దాని అద్దె నడుస్తూనే ఉంటుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో 2024 ఫిబ్రవరి 1 నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కు గంటకు 0.005 డాలర్లు పడుతోంది. ఎలాస్టిక్ ఐపీ, అంటే ఖాతాకు స్థిరంగా ఉండే పబ్లిక్ అడ్రస్, తీసుకుని ఉంటే మెషీన్ నిద్రపోతున్నా ఈ రుసుము తప్పదు. నెల తిరిగేసరికి సుమారు 3.6 డాలర్లవుతుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌లో ఇంకో చిక్కు ఉంది. మెషీన్‌లోకి లాగిన్ అయి షట్‌డౌన్ చేస్తే స్థితి ‘స్టాప్డ్’ అని కనిపిస్తుంది, కానీ హార్డ్‌వేర్ ఇంకా ఆ ఖాతాకే కేటాయించి ఉంటుంది గనక అద్దె పడుతూనే ఉంటుంది. పోర్టల్ నుంచి ఆపి, ‘డీఅలోకేటెడ్’ అని వచ్చాకే ఆ మీటర్ ఆగుతుంది.

మరిచిపోయిన మెషీన్లదీ ఇలాంటి కథే. ఈసీ2 కన్సోల్‌లో మామూలుగా కనిపించే జాబితా ఒక్క రీజియన్‌దే, అంటే ఒక ప్రాంతపు డేటా సెంటర్లదే. ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్ 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో వచ్చాయి. హైదరాబాద్ జాబితా ఖాళీగా ఉన్నంత మాత్రాన ముంబైలో ఎప్పుడో ప్రయోగానికి తెరిచిన మెషీన్ లేదని అర్థం కాదు. అన్ని రీజియన్లనూ ఒక్కచోట చూపించే గ్లోబల్ వ్యూను వారానికోసారి తెరిచి చూడటం చాలా మంచి అలవాటు.

అపోహ: క్లౌడ్‌లో ఉంది కాబట్టి భద్రత, బ్యాకప్ కంపెనీయే చూసుకుంటుంది.

భవనం, హార్డ్‌వేర్, హైపర్‌వైజర్ వరకు కంపెనీ బాధ్యత. ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్‌లు, పోర్టులు, కీలు వాడేవాళ్ల బాధ్యత. రిమోట్ లాగిన్‌కు వాడే 22వ పోర్టును 0.0.0.0/0కి, అంటే మొత్తం ఇంటర్నెట్‌కు, తెరవడమంటే తలుపులు బార్లా తీసి పెట్టడమే. కాసేపట్లోనే లాగ్‌లో ‘రూట్’, ‘అడ్మిన్’ పేర్లతో ఎవరెవరివో లాగిన్ ప్రయత్నాలు వరుస కడతాయి. ఇక బ్యాకప్. డిస్క్‌కు నకలైన స్నాప్‌షాట్ తీసుకునే ఏర్పాటు చేసుకుంటేనే అది ఉంటుంది. ఈసీ2లో మెషీన్‌ను టర్మినేట్ చేస్తే, సెట్టింగ్ మార్చి ఉంటే తప్ప, రూట్ డిస్క్ కూడా చెరిగిపోతుంది.

అపోహ: ఆటోమేషన్ వందల మెషీన్లున్న సంస్థలకే.

ఒక్క మెషీన్‌కైనా లాభమే. వారానికి 168 గంటలు. టెస్టింగ్ మెషీన్‌ను సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకే నడిపితే 60 గంటలు సరిపోతాయి. కంప్యూట్ అద్దెలో దాదాపు 64 శాతం మిగులుతుంది.

ఇక్కడ గడియారంతో జాగ్రత్త అవసరం. క్లౌడ్ మెషీన్లు మామూలుగా యూటీసీ కాలంలో నడుస్తాయి. రాత్రి 9కి ఆపాలని, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో ‘0 21 * * 1-5’ అని రాస్తే మెషీన్ మన తెల్లవారుజామున 2:30కి ఆగుతుంది. రాయాల్సింది ‘30 15 * * 1-5’. పొద్దున లేపే పని మాత్రం ఆ మెషీన్‌కే అప్పగిస్తే కుదరదు, ఆగిన మెషీన్‌లో క్రాన్ కూడా ఆగే ఉంటుంది. ఆ పని ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్ లాంటి బయటి సేవ చేయాలి. దానికి ఆసియా/కోల్‌కతా టైమ్‌జోన్ నేరుగా ఇవ్వొచ్చు కాబట్టి లెక్కల బాధ కూడా ఉండదు.

అపోహ: స్క్రిప్ట్ రాసేస్తే ఆటోమేషన్ అయిపోయినట్టే.

రెండోసారి నడిపినప్పుడే స్క్రిప్ట్ సంగతి తెలుస్తుంది. కాన్ఫిగ్ ఫైల్‌కు ఓ లైను జోడించే స్క్రిప్ట్‌ను రెండుసార్లు నడిపితే ఆ లైను రెండుసార్లు పడుతుంది. 2012లో వచ్చిన యాన్సిబుల్ అనే ఆటోమేషన్ సాధనంలో అదే పనికున్న మాడ్యూల్ ముందు ఆ లైను ఉందో లేదో చూసి, ఉంటే ఊరుకుంటుంది. మెషీన్ పుట్టినప్పుడు ఇచ్చే యూజర్ డేటా స్క్రిప్ట్ మాత్రం సాధారణంగా మొదటి బూట్‌లోనే నడుస్తుంది. తర్వాత దాన్ని మార్చి రీస్టార్ట్ చేసి, మార్పు ఏమైందని వెతకడం కొత్తవాళ్లందరికీ ఎదురయ్యేదే.

2014లో వచ్చిన టెర్రాఫామ్ అనే సాధనంలో ఎలాంటి మెషీన్ కావాలో రాస్తారు, ఎలా చేయాలన్నది అది చూసుకుంటుంది. ‘ప్లాన్’ కమాండ్ ఇస్తే ఏం మారబోతోందో ముందే చూపిస్తుంది. ఆ చివరి లైన్లో ‘1 టు యాడ్, 0 టు చేంజ్, 1 టు డిస్ట్రాయ్’ అని ఉంటే, చిన్న సవరణ అనుకున్నది ఉన్న మెషీన్‌ను కూల్చి కొత్తది కట్టబోతోందని అర్థం కావచ్చు. మార్పులను అమలు చేసే ముందు టెర్రాఫామ్ అనుమతి అడిగినప్పుడు ఆ లైను చదవకుండా ‘యెస్’ కొట్టకూడదు. టెర్రాఫామ్ స్టేట్ ఫైల్లో పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉండే వీలుంది. దాన్ని గిట్‌లో పెట్టకూడదు.

అపోహ: బడ్జెట్ పెట్టుకుంటే అంతకుమించి ఖర్చు కాదు.

బడ్జెట్ మామూలుగా చేసేది హెచ్చరిక పంపడమే. బిల్లింగ్ లెక్కలు గంటల తరబడి ఆలస్యంగా చేరతాయి కాబట్టి ఆ ఈమెయిల్ వచ్చేసరికే పరిమితి దాటి ఉండొచ్చు. ఏడబ్ల్యూఎస్‌లో కావాలంటే బడ్జెట్ యాక్షన్ అమర్చి ఎంచుకున్న మెషీన్లను వాటంతటవే ఆగేలా చేయవచ్చు. అది మెషీన్‌ను ఆపుతుందే తప్ప తొలగించదు; డిస్క్ అద్దె అప్పుడూ నడుస్తూనే ఉంటుంది.