ఆ నాలుగు గంటల క్లాసు

మా అక్క కొడుకు హెచ్-1బి మీద ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2021 సెప్టెంబరులో ఫోన్ చేసి, "మావయ్యా, టెక్సాస్‌లో గన్‌కి లైసెన్స్ తీసేశారంట కదా, ఒకటి కొని ఇంట్లో పెట్టుకుందామనుకుంటున్నా" అన్నాడు. డాలస్ శివార్లలో మాకు ఇండియన్ గ్రాసరీ షాపు ఉంది. కరివేపాకు, మునక్కాడలు బిల్లు వేయించుకుంటూ అదే మాట అడిగినవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకని ముందు వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతాను.

వీసా మీద ఉన్నవాళ్లకి లైసెన్స్ తీసేసిన ఈ టెక్సాస్ చట్టం వర్తించదు. హెచ్-1బి ఉద్యోగి, ఎఫ్-1 విద్యార్థి, మనవణ్ణి చూసుకోవడానికి బి-2 మీద వచ్చిన అమ్మానాన్నలు, వీళ్లెవరూ తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. రాష్ట్రం ఏం తీసేసినా అది చెక్కు చెదరదు. షూటింగ్ రేంజ్‌లో గంటకి అద్దెకు తీసుకుని కాల్చినా దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. కుర్రాళ్లు అలా కాల్చి ఫొటోలు పెడుతుంటే నాకు గుండె జారిపోతుంది. వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి గానీ, లాయర్ని అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. నేరం రుజువైతే 15 ఏళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు, తర్వాత దేశం నుంచి పంపేస్తారు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ల సంగతి వేరు, వాళ్లు ఉంచుకోవచ్చు.

ఇంతకీ టెక్సాస్ తీసేసింది ఏమిటి? 2021కి ముందు కూడా ఇక్కడ గన్ కొనడానికి పర్మిట్ అడిగేవాళ్లు కాదు. కార్లో దాచి ఉంచుకోవడానికి 2007 నుంచే లైసెన్స్ అక్కర్లేదు. హౌస్ బిల్లు 1927 వచ్చాక, 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించని వ్యక్తి ఎవరైనా పిస్టల్‌ని చొక్కా కింద దోపుకుని వీధిలోకి, షాపులోకి, పార్కులోకి వెళ్లొచ్చు. ఏ కాగితమూ అక్కర్లేదు. డీలర్ దగ్గర కొంటే ఫారం నింపడం, నేరచరిత్ర తనిఖీ మాత్రం అలాగే ఉన్నాయి. మన వీసా సంగతి కూడా ఆ ఫారంలోనే అడుగుతారు.

తుపాకీ వెంట పెట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదన్న వాదం ఇక్కడిదాకా ఎలా వచ్చిందో తెలియాలంటే కిలీన్ పట్నం గురించి చెప్పుకోవాలి. 1991 అక్టోబరు 16న అక్కడి లూబీస్ కెఫెటేరియాలోకి ఒకడు ట్రక్కుతో ముందువైపు కిటికీ బద్దలుకొట్టుకుని దూసుకొచ్చి 23 మందిని చంపాడు. ఆ మధ్యాహ్నం సుజానా హప్ అనే ఆవిడ తల్లిదండ్రులతో కలిసి అక్కడ భోజనం చేస్తున్నారు. ఆవిడకి రివాల్వర్ ఉంది. కానీ దాచి తిరగడం అప్పట్లో నేరం కాబట్టి కార్లో వదిలి వచ్చారు. కళ్లెదుటే తండ్రి హంతకుడి మీదికి వెళ్లి తూటా తిన్నాడు. తల్లి ఆయన్ని వదలలేక అక్కడే ఉండిపోయి చనిపోయింది. తర్వాత హప్ చట్టసభల ముందు సాక్ష్యం చెబుతూ తిరిగారు, 1996లో టెక్సాస్ సభకు ఎన్నికయ్యారు. ఆవిడ కథ విన్నాక తుపాకీ వెంట ఉంచుకోవాలన్న కోరికను ఎవరూ తేలిగ్గా కొట్టిపారేయలేరు. నేనూ కొట్టిపారేయను.

అయితే ఆ దుఃఖానికి టెక్సాస్ 1995లోనే జవాబు చెప్పింది. దాచి తిరగడాన్ని 1871 నుంచి నిషేధిస్తూ వచ్చిన రాష్ట్రం, గవర్నర్ జార్జ్ డబ్ల్యూ బుష్ సంతకంతో లైసెన్స్ ఇవ్వడం మొదలుపెట్టింది. కనీసం 10 గంటల క్లాసు, రాతపరీక్ష, కాల్పుల పరీక్ష, వేలిముద్రలు. 2013లో 10 గంటల్ని 4 చేశారు. ఫీజు 140 డాలర్ల నుంచి 2017లో 40కి దించారు. 2021లో అసలు క్లాసుకి వెళ్లాల్సిన పనే లేకుండా చేశారు. ఆవిడలాంటివాళ్లు తుపాకీని చట్టబద్ధంగా వెంట తీసుకెళ్లేలా చేసింది 1995 నాటి చట్టం. 2021 నాటి చట్టం తీసేసింది నేర్చుకోవాలన్న షరతుని.

నేను ఆ క్లాసుకి వెళ్లాను. మా పక్క షాపులో దోపిడీ జరిగాక, పౌరసత్వం కూడా వచ్చేసింది కాబట్టి వెళ్లాను. కాల్చడం నేర్పుతారనుకుని వచ్చినవాళ్లు నాతోపాటు చాలామంది ఉన్నారు. కాల్చడానికి పట్టింది కాసేపే: 3, 7, 15 గజాల దూరం నుంచి 50 తూటాలు, 250 మార్కులకు 175 వస్తే పాస్. మిగతా క్లాసంతా ఎప్పుడు కాల్చకూడదు, ఎక్కడికి తీసుకెళ్లకూడదు అన్న దాని మీదే నడిచింది. బడి, కోర్టు, పోలింగ్ కేంద్రం, 51 శాతం ఆదాయం మందు మీదే వచ్చే బార్. ఎవడో తిట్టాడని గన్ తీయడం, పారిపోతున్నవాణ్ణి వెనకనుంచి కాల్చడం, పోలీసు కారు ఆపితే చేతులు ఎక్కడ పెట్టాలి. బిగ్గరగా ధీమాగా కూర్చున్న కొందరు రెండో గంటకి నోట్సు రాసుకోవడం మొదలుపెట్టారు. క్లాసుకి తప్పనిసరిగా రావాల్సిన అవసరం లేకపోతే వాళ్లలో సగం మంది వచ్చేవాళ్లు కాదని నా నమ్మకం.

మా షాపుకి వచ్చే వెల్డర్ ఒకాయన దీనికి ఒప్పుకోడు. "దొంగ ఎప్పుడూ లైసెన్స్ కోసం లైన్లో నిలబడలేదు. రెండు ఉద్యోగాలు చేసుకునే మా చెల్లెలు మాత్రం సెలవు పెట్టాలి" అంటాడు. మాట న్యాయమే. పర్మిట్ ఇచ్చే అధికారి చేతిలో అన్యాయం జరిగిన చరిత్ర కూడా ఉంది: 1956లో మాంట్‌గోమరీలో ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ పర్మిట్‌కి దరఖాస్తు చేస్తే ఇవ్వలేదు. అధికారి దయ మీద ఆధారపడే ఈ పద్ధతినే 2022 జూన్‌లో న్యూయార్క్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అర్హత ఉన్న ప్రతివాడికీ ఇచ్చి తీరాల్సిన లైసెన్స్‌ని ఆ తీర్పు కొట్టేయలేదు. అయినా పర్మిట్ అక్కర్లేదనే రాష్ట్రాలు ఇప్పుడు 29. వెర్మాంట్‌లో ఎప్పుడూ లేదు, అలాస్కా 2003లో తీసేసింది, ఫ్లోరిడా 2023లో.

2022 జులైలో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో 22 ఏళ్ల కుర్రాడు, పర్మిట్ లేకుండానే తెచ్చుకున్న పిస్టల్‌తో, ముగ్గుర్ని చంపిన హంతకుణ్ణి దూరం నుంచే కూల్చేశాడు. అక్కడ పర్మిట్ తీసేసి నెల కూడా కాలేదు. అంతకు ఏడాది ముందు కొలరాడోలోని అర్వాడాలో అలాగే హంతకుణ్ణి ఆపిన మనిషిని, అతనే హంతకుడనుకుని పోలీసు కాల్చేశాడు. ఇటువైపు కథ అటువైపు కథని చెరిపేయదు. టెక్సాస్‌లో పోలీసు అధికారులు చాలామంది ఈ బిల్లు వద్దనే అన్నారు. పర్మిట్ తీసేయడం కంటే ముందు మాట అయినా, దాచి తిరిగే హక్కు ఇచ్చిన రాష్ట్రాల్లో పదేళ్లకి హింసాత్మక నేరాలు 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నాయని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ డోనహ్యూ బృందం 2019లో రాసింది. తుపాకులు పెరిగితే నేరం తగ్గుతుందన్న జాన్ లాట్ అనుచరులు ఆ లెక్కల్ని ఒప్పుకోరు.

2023 మే 6న ఆలెన్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో చనిపోయిన ఎనిమిది మందిలో మన తెలుగమ్మాయి ఉంది. ఆ వారం మా షాపులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ ఘోరానికి కారణం ఈ చట్టమే అంటే మాత్రం అబద్ధం అవుతుంది. హంతకుడు వాడింది రైఫిల్, దానికి ఈ లైసెన్స్‌తో సంబంధమే లేదు. ఈ వాదం జేబులో పట్టే పిస్టల్ గురించి, రోజూ జరిగే చిన్న తగాదాల గురించి: పార్కింగ్ దగ్గర గొడవ, రోడ్డు మీద కోపం, బార్ బయట తోపులాట.

షాపు యజమానిగా నాకు దక్కిన అధికారం తలుపు మీద బోర్డు. 30.06 నంబరు బోర్డు పెడితే లైసెన్స్ ఉండి దాచుకొచ్చేవాళ్లు, 30.07 పెడితే బయటికి కనపడేలా తెచ్చేవాళ్లు, 30.05 పెడితే లైసెన్స్ లేనివాళ్లు లోపలికి తీసుకురాకూడదు. ఇంగ్లిషులో, స్పానిష్‌లో, అంగుళం ఎత్తు అక్షరాలతో ఉండాలి. నేను 30.05 ఒక్కటే పెట్టాను. క్లాసుకి వెళ్లినవాణ్ణి రానిస్తాను, వెళ్లనివాణ్ణి గన్ కార్లో పెట్టి రమ్మంటాను. చొక్కా కింద ఏముందో నాకు కనపడదు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా బోర్డు తీయను.

లైసెన్స్ కావాలన్నవాళ్లకి టెక్సాస్ ఇప్పటికీ ఇస్తోంది, ఫీజు ఇప్పటికీ 40 డాలర్లే. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉండి గన్ కొంటామనేవాళ్లని నేను ముందు క్లాసుకే పంపుతాను. బడికి 1000 అడుగుల లోపు రోడ్డు మీద, లైసెన్స్ లేని మనిషి కార్లో లోడ్ చేసిన గన్‌తో వెళ్తే ఫెడరల్ నేరం, రాష్ట్రం పర్మిట్ అక్కర్లేదన్నా సరే. ఆ రాష్ట్రం లైసెన్స్ ఉన్నవాడికి మినహాయింపు. మా శివార్లలో ఏ వీధిలోంచి బయల్దేరినా దారిలో ఒక ఎలిమెంటరీ స్కూలు తగులుతుంది.